ఎనిమిదో గడి

నారాయణపేట, మగ్గాల గల్లీ వెనక బడి.
మూడో తరగతి. ఆఖరి బెంచీ నాది,
మోకాళ్లు గదుమకు తాకుతున్నయి.
ఒళ్లో పరిశీలన పత్రం, పన్నెండు గడులు.

నల్లబల్ల కాడ పారిజాత.
చండూరు పిల్ల, మా ట్రైనింగు కాలేజీల రెండో ఏడు.
రాత్రంతా అట్టముక్కలు కత్తిరించినట్టుంది,
బొటనవేలికి ఇంకా గమ్ము.

"మన" అని రాసింది.
మన ఊరు, మన బావి, మన బడి.
ప్రణాళికల అట్లనే ఉంది, కింద సంతకం నాదే.

మన అంటే ఏంది?

కేతావత్ సోని లేచింది, అరచెయ్యి రొమ్ము మీద:
"మన అంటే నాకు, టీచర్.
మన భూక్ లాగి. నాకు ఆకలైతుంది."
శరణప్ప ఆగలే:
"కాదు కాదు, మనె అంటే ఇల్లు!
పొద్దూకంగనే మా అవ్వ ఒర్రుతది, మనెగె బా అని."
కిటికీ పక్క నఫీసా, ఎవరికీ చెప్పనట్టు:
"మనా అంటే వద్దని.
అబ్బా పనిచేసే కార్ఖానా తలుపు మీద ఉంటది."

క్లాసు గొల్లుమంది.
పారిజాత నా దిక్కు చూసింది.
ఆ చూపు నాకెరుకే, నేను నేర్పిందే,
ఏది తప్పు సార్, అని.

ఎన్ని బ్యాచులకు చెప్పిన్నో,
ఇంటి మాటను గడప బయట ఇడిపియ్యిన్రి, చెప్పుల తీర్గ.
నా తొవ్వను కొట్టేసి
పైన ఎర్రసిరాతోని దారి అని దిద్దిన సారు దగ్గర
నేర్సుకున్న ఇద్దె అది.
అటెనుక ఎన్నేండ్లు నడిచినా
ఆ దారిల మా ఊరు రాలేదు.

తల ఊపలేదు, అడ్డంగ ఊపలేదు.
పెన్ను మూత తీసి పెట్టిన.

పిల్ల సుద్దముక్క బల్ల మీద పెట్టింది.
రాసింది తుడవలే.
నడిచిపోయి సోని ముందు గొంతుక్కూసుంది.
"పొద్దున ఏం తినలేదా?"

సోని తల అడ్డంగ ఊపింది.
అమ్మానాయిన పుణె పోయిన్రట,
తాండల నానమ్మకు జరం.

మేమందరం మాటకు అర్థం ఎతికినం.
ఆ పిల్ల ఉదాహరణ చెప్పలే.

పారిజాత తన డబ్బ మూత తీసింది.
సగం జొన్నరొట్టె, మిరం.
శరణప్ప బెంచీ మీదికెళ్లి ఒంగి చూస్తుండు.
నఫీసా నీళ్లసీసా ముందుకు జరిపింది.

ఎనిమిదో గడి: భాషల స్పష్టత, పది మార్కులు.
ఎవరిదో రాసిలేదు.