మూడో శవం

గుదేబియా గల్లీల అబూబకర్ ఇక్కా వీడియో దుకాణం.
రెండు వీసీఆర్‌లను వైరుతోని ముడేసి
రాత్రంత క్యాసెట్లు ఎక్కించుడు నా పని.
ఎనభై ఆరుల ముచ్చట.

ఒక ఇటలీ బొమ్మ ఉండె.
పేరు ఏందో ఎవనికీ ఎరుక లేదు,
అట్ట మీద ఇక్కా పెన్నుతోని గీసిన కత్తి ఒక్కటే గుర్తు.
బీరూట్ నుంచి పడవల దిగిందని ఒకడు,
సైప్రస్ నుంచి సూట్కేసుల చీరల నడుమ అని ఇంకొకడు.
కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ.
నా చేతికొచ్చేసరికి
నెత్తురు చాయ్ రంగుకు దిగింది.

ముద్దు కాడ కత్తెర పడ్డది.
కత్తి కాడ పడలే.

బేస్తారం రాత్రి మూడు వందల ఫిల్సులకు
క్యాంపు పోరగాండ్లు కిరాయికి పట్టుకపోయేటోళ్లు.
ఒక్క రూముల పద్నాలుగు మంది.
బొమ్మ అయినంక పాయిఖానకు ఒక్కడు పోడు,
ఇద్దరిద్దరు, చెంబు చెంబు తగులుకుంట.
మెట్‌పల్లి నర్సింలు, ఊర్ల మేకలు కోసినోడు,
బీడీ ఆర్పి తీర్పు చెప్పిండు:
"గిది నెత్తురు గాదురా, రూహఫ్జా."

రెంజో సిత్రాల నీళ్ల ప్లాంటు కాడ క్రేను ఫోర్మన్.
ఒకనాడు దుకాణంలకొచ్చి గా అట్ట చూసి
దగ్గొచ్చేదాక నవ్విండు.
"లింగో, ఇండ్ల మూడో శవం నేనే."

ఇరవై ఏండ్లప్పుడట, రోముల లైట్లు మోసేటోడట.
శవం కావల్సినోడు జరమొచ్చి రాలేదట.
పూట తిండి, కొంచెం పైసలు,
పాలరాతి బండ మీద పండబెట్టి
గొంతు మీద ఎర్ర చక్కెర పాకం పోసిండ్రట.
ఊపిరి తియ్యకు అని ఒకటే ఒర్లుడట.
"ఊపిరి సంగతి సరే, చీమలు పట్టినయ్," అన్నడు.

టేపు పెట్టిన.
నలభై ఒకటో నిమిషం.
తెర మీద ఉప్పు చల్లినట్టు గీతలు,
సరిగ్గ మూతి కాడనే.
గ్లాసుకు ముక్కు ఆనిచ్చి చూసిండు పాపం,
"గిదో, గీ చెయ్యి నాదే" అన్నడు.
నాకైతే ఆ చెయ్యి గూడ ఖరారుగ కనపడలే.
పోవుకుంట
"మంచి కాపీ వస్తె చెప్పు లింగో," అన్నడు.

రెండేండ్లకు సిత్రాల క్రేను తాడు తెగింది.
నేను పోలే, నాకు డ్యూటీ ఉండె.
పైపు పట్టి నేల కడిగింది నర్సింలు.
నాలుగు రోజులు అన్నం కలపలే చేత్తోని,
చెంచ అడిగిండు.
రూహఫ్జా ముచ్చట మల్ల ఎన్నడు ఎత్తలే.

ఇప్పుడు ఇక్కా దుకాణం కాడ ఫోన్లు రిపేరు చేస్తరు.
నేను పార్సిల్ ఆఫీసు కౌంటరు మీద కూసుంట.
నిన్న ఒక డబ్బా, గట్టి అట్ట,
కత్తి బొమ్మ, ఈసారి అచ్చయిన కత్తి.
తీస్కపోను యూసుఫ్ అని ఒక పోరడు వచ్చిండు,
గిసొంటియి ఏరుకునుడు వానికి పిచ్చి.
ఏం కొయ్యలేదట, అసలు రీలు నుంచే తీసిండ్రట,
ఇంట్ల చూసుకునుడుకు మొత్తం బొమ్మ రావుడు ఇదే మొదటిసారట.
నేను నలభై ఒకటో నిమిషం అన్న.
వాడు నా దిక్కు వింతగ చూసిండు,
ల్యాప్‌టాప్‌ల పళ్లెం తోసిండు.

పాలరాయి తెల్లగ.
నెత్తురు మోదుగు పువ్వు.
మొఖం: సన్న మీసం, చెవి పక్కన పుట్టుమచ్చ,
నాకు తెల్వని మచ్చ.

యూసుఫ్ కిసకిస నవ్వి ఏలు పెట్టిండు:
"శూఫ్, రఫీక్! తప్పు దొరికింది,
శవం ఊపిరి తీస్తుంది."

అవు.
అంగీ గుండీ లేస్తుంది, పడుతుంది.
మల్ల లేస్తుంది.
మెడ మీద పాకంల
ఒక చీమ దారి తప్పి నడుస్తుంది.

ఆపు, అన్న.
ఆపిండు. గుండీ లేచిన కాడనే నిలబడ్డది.
వద్దు వద్దు,
నడువని, అన్న.