వెనకటి ఓనరు

ఆటోనగర్‌లో బాజీ కొట్టు ముందు
మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత టైరు.
టైరు నాకొచ్చింది.
మే నెల. పదకొండుకే
రేకుల షెడ్డు పెనంలా ఉంది.

బాజీ హెయిర్ డ్రయ్యరు పట్టుకుని
అద్దాల మీది ఫిల్ము
మీగడ తీసినట్టు లాగుతున్నాడు.
నల్ల మీగడ.
ఆ కారు పిచ్చేశ్వరరావు గారిది,
బెంజి సర్కిల్లో ఫైను రాశారట.

"దొంగ సరుకా నేను దాచింది?
రెండు మిరపకాయ బజ్జీలండీ.
డాక్టరు వద్దన్నాడు, కోడలు వాసన పట్టేస్తుంది,
ఈ ఊళ్ళో నాకు మిగిలిన కాస్త చీకటి
ఆ నాలుగద్దాల వెనకే.
దాన్నీ గీకించేశారు."

శౌరి నవ్వలేదు.
మిర్చి యార్డులో పని,
వేళ్ళు ఎప్పుడూ కళ్ళకు దూరంగా పెట్టుకునే మనిషి.
"మీది అద్దమండీ, నాది స్టిక్కరు.
ఫాస్టాగ్ ఆవిడ నంబరు మీద తీసుకున్నా.
మొన్న, గుంటూర్లోనే ఉన్నానని
నేను ఫోన్లో చెబుతుండగానే
ఆవిడ చెవిలో టింగుమంది, కాజా టోలు.
రాత్రి అన్నం పెట్టింది. నెయ్యి కూడా వేసింది.
ఒక్క మాట అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణి,
మంగళగిరిలో తమ్ముడికి డబ్బులిచ్చొచ్చానని.
అడగదే!"

రత్నకుమారి గారు హ్యాండ్‌బ్యాగులోంచి
వేలెడంత కెమెరా తీసి బల్ల మీద పెట్టారు.
పటమట బళ్ళో లెక్కలు చెబుతారు.
"దారి చూడమని పెట్టించాను నాయనా,
ఇది నన్ను వింటోంది.
ఆటో గుద్దితే స్టేషన్లో వీడియో వేశారు.
ఆటో కనబడింది, సరే.
దానికి ముందు నిమిషంన్నర
హెడ్మాస్టర్ని నేనేమన్నానో
ముగ్గురు కానిస్టేబుళ్ళు తల వంచుకుని విన్నారు.
కళ్ళుంచి, చెవులు తీసెయ్ దీనికి."

అందరం నవ్వాం.
కారు కింద పడుకున్న కుర్రాడి
కాళ్ళు కూడా నవ్వాయి.

"మీరేం పని మీదొచ్చారు?"
సీటు కవర్లన్నాను.
అబద్ధం.

నాది చేతులు మారిన కారు.
తెర మీద "ఇల్లు" నొక్కితే
గుంటూరు తీసుకుపోతానంటుంది,
బ్రాడీపేట, నాలుగో లైను.
నా ఇల్లు సింగ్‌నగర్లో అని
ఎన్నిసార్లు చెప్పినా దానికి ఎక్కదు.
ఫోను పేర్ల జాబితాలో ఎవరెవరో:
పాలు. కుట్టు సుబ్బులు.
నాన్న పాతది.
నాన్న కొత్తది.
శేషు, ఎత్తొద్దు.
ఆర్సీలో పేరు మారింది గానీ
ఈ సంసారం బండిలోనే ఉండిపోయింది.

ఎనిమిది నెలలు తుడవలేదు.
ఒక ఆదివారం వారధి దాటి వెళ్ళాను కూడా.
గమ్యం చేరుకున్నారు, అంది ఆడగొంతు.
గేటుకు తాళం. టు-లెట్ బోర్డు.
బోర్డు మీది నంబరు
తెరతో పోల్చి చూశాను, శేషుదే.
ఎత్తకుండా తిరిగొచ్చాను.

"తీసెయ్యమంటారా ఇవన్నీ?"
బాజీ తల కారు లోపల, కాళ్ళు బయట.
మూడేళ్ళ కిందట తెనాలి వాళ్ళకి
నేనమ్మిన కారు గుర్తొచ్చింది.
అప్పుడు తుడవాలని తెలీదు.
అక్కడెవరో
నా "ఎత్తొద్దు" చదువుకుంటూ ఉంటారు,
ఎవరబ్బా ఈ నీరజ, అనుకుంటూ.

తీసెయ్యమన్నాను.
అర నిమిషం పట్టలేదు.
ఇప్పుడు "ఇల్లు" దగ్గర ఖాళీ గడి,
ఎక్కడో చెప్పమంటోంది.
చెప్పలేదింకా.

సాయంత్రం బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర
పక్క కారు అద్దంలో
పిచ్చేశ్వరరావు గారు, ఒళ్ళో పేపరు పొట్లం.
నన్ను చూసి నమలడం ఆపేశారు.
నేను రోడ్డు వైపు తిరిగాను, చూడనట్టు.
తొంభై, ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది.
అద్దం దిగిన చప్పుడు.

"తీసుకోండి ఒకటి,
వేడిగా ఉన్నాయ్."