ముల్లు

ఇరవై రెండేళ్లు క్లచ్ తొక్కిన ఎడమకాలు
ఈ డంపర్లో ఊరికే కూర్చుంటది.
గేరు అదే వేసుకుంటది, అదే మార్చుకుంటది.
మొదటి వారమంతా మలుపు వచ్చినప్పుడల్లా
నా పాదం ఖాళీ రేకును నొక్కేది,
లేని మెట్టు మీద అడుగేసినట్టు.

ఇప్పుడు నాకు మిగిలింది చూపే.
స్టీరింగు వెనక మూడో గడియారం, అందులో ముల్లు.
డీజిల్ తగ్గితే పోయించుకోవచ్చు,
రేడియేటర్ కాగితే నీళ్లు పోయొచ్చు,
ఇది గేర్‌బాక్సు నూనెకొచ్చే జ్వరం.
తొంభై అంటే మంచిదే.
నూటపది అంటే కాస్త మాట్లాడుకోవాల.
నూట ఇరవై అంటే ఇక మాటల్లేవు.

చీమకుర్తి క్వారీ అడుగు నుంచి పైకి
కిలోమీటరున్నర ర్యాంపు,
వెనక ముప్పై టన్నుల వేస్టు రాయి.
రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు,
మా రాళ్లు పగలవు, వజ్రాల తీగ పెట్టి కొయ్యాల.
అర్ధరాత్రి రెండింటికి కూడా
పగలు తిన్న ఎండను కక్కుతా ఉంటాయి.
ఇంజను అరుస్తా ఉంటది, చక్రం మనిషి నడక కూడా నడవదు,
రెంటికీ మధ్యన నూనె నలిగి నలిగి
ఆ అరుపంతా వేడిగా మింగుద్ది
ఆఫీసుకీ కూలోళ్లకీ మధ్య
మా మేస్త్రీ మాల్యాద్రి మింగినట్టు.

నిన్న రాత్రి రెండో మలుపు కాడ
నూటపద్దెనిమిది.
ఎర్రదీపం వెలగాల. వెలగలా.
వేలితో తడిమితే బొట్టుబిళ్ల,
మెరూన్ రంగుది, పెద్ద సైజు.
పగటి డ్యూటీ తిరుపాలు పని.
ఏ అద్దం మీంచి ఒలుచుకొచ్చాడో.
కోపం రాలేదు,
ట్రిప్పుకు నలభై అతనికి,
నాకూ నలభయ్యే.

పక్కన చదునుకి తీసి, బ్రేకేసి,
న్యూట్రల్లో పెట్టి, ఇంజను కొంచెం లేపి పట్టుకున్నా.
ఆపేస్తే చల్లారదు, ఉన్నచోటే ఉడుకుద్ది.
"బరువు తియ్యి, తిరగనియ్యి" అంటాడు
ఫిట్టర్ కరీముల్లా.
నూనె పైపుల్లోపడి కూలర్ దాకా పొయ్యి
గాలి తగిలించుకుని రావాల.

వెనక ఐదు బండ్ల హారన్లు.
వాకీటాకీలో మాల్యాద్రి:
"ఏడో నంబరూ, ఏం చేస్తన్నావయా?"
"జ్వరం చూస్తన్నా."
"ఎవురికి? నీకా?"
"బండికి."
కాసేపు గరగర.
"నీకు లేదుగా?" అన్నాడు.

నూటపద్దెనిమిది.
నూటపద్దెనిమిది.
నీళ్ల సీసా సగం తాగా.
నూటపదిహేడు.

నాలుగో నంబరు బండి పెంచలయ్య
ఇంత సేపు ఆగలేకపోయాడు, నిరుడు.
గేర్‌బాక్సు విప్పితే పలకలు మాడిన అట్లు.
ఎర్రగా ఉండాల్సిన నూనె
హోటల్లో మిగిలిన డికాషన్.
ఇప్పుడు సంతనూతలపాడు, ఒంగోలు మధ్య ఆటో తోల్తాడు.
ఆటోలో ముల్లే లేదు,
అయినా మాటిమాటికీ ముందుకి వంగి చూస్తాడంట.

తెల్లారి బండిని చదునున పెట్టి
లుంగీపేలికతో కడ్డీ తుడిచి, ముంచి, తీసి,
వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాం.
బతికే ఉంది.
కూలర్ రెక్కల నిండా దుమ్ము.
నల్లరాయి పొడి తెల్లగా ఉంటదంటే
బయటోళ్లు నమ్మరు.
గుంటలో నీళ్లు మోటారేసి కొడితే
అరగంట పాటు పాలు కారినట్టు కారింది.

ఆరింటికి తిరుపాలు వచ్చాడు.
దీపం మీద బొట్టు లేదు,
కడ్డీ పిడికి అతికించి పెట్టా.
దాన్ని చూశాడు, నన్ను చూశాడు.
నా ట్రిప్పులు తొమ్మిది, మొన్న అతనివి పద్నాలుగు.
ఏమీ అనలా.
ఎక్కబోతా ఎక్కబోతా దిగి
కడ్డీ పీకాడు.

ఇంటికి బైకు మీద బయల్దేరా.
రామతీర్థం రోడ్డెక్కేసరికి
ఫస్టు, సెకండు, థర్డు,
ఎడమకాలు ఎంత గట్టిగా వేసిందో
పాపం.