లాడం మేకు

మంచు కొండ నడుం దాకా దిగింది.
ఇంకో పది రోజుల్లో కరాకోల్ వీధుల్లోకొస్తుంది.
ఈలోగా మాకు నాలుగు టైర్లు కావాలి.
చేతిలో పదమూడు వేల సోమ్‌లు,
అందులో వెయ్యి మీరిమ్ బూట్లవి.

టైర్ల బజారంటే ఏముంది,
ఇనుప కంటైనర్ల వరస, వాటి ముందు
ఏ రాక్షసి చేతివో నల్ల గాజుల దొంతరలు.
ఆ రబ్బరు వాసన నా తలగుడ్డలో
మూడు రోజులుంటుంది.

సాగిన్ బైకే మనుషుల్ని తర్వాత పలకరిస్తాడు.
ముందు కారు పక్కన గొంతుక్కూర్చుని
అరిగిన టైరు మీద అరచెయ్యి ఆనించి
నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూస్తాడు.
"గాలి సరిగా కొట్టించరు."
"లోపలి అంచు తినేసింది. ఎక్కడో గుంటలో పడ్డారు."
"మీ ఇద్దరిలో ఒకరికి
బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది."
నేను ఎర్మెక్ కేసి చూశాను.
ఎర్మెక్ కొండల కేసి చూశాడు.

నేను డెయిరీలో లెక్కలు రాస్తాను.
అంకె కనబడితే చదవకుండా ఉండలేను.
టైరు చెక్కిలి మీద నాలుగంకెలుంటాయి,
అది పుట్టిన వారం, పుట్టిన ఏడు.
మొదట చూపించిన జపాను జత
మా మీరిమ్ కంటే రెండేళ్ళు పెద్దది.
నూనె పూసి నిగనిగలాడించారు గానీ
వేలితో నొక్కితే
ముసలి చెవి వెనక ముడతల్లా సన్నటి బీటలు.

రెండో రకం కొత్తవి. ఒక్కోటి రెండువేల తొమ్మిదొందలు.
ఊళ్ళో తిరగడానికి బాగుంటాయి, చప్పుడుండదు.
మూడో రకం లోతు గాళ్ళవి. బురదా, మంచూ, ఏదైనా.
ఒక్కోటి మూడువేల నాలుగొందలు.
రోడ్డు మీద తేనెటీగల్లా రొద పెడతాయట.

పిండి కొద్దీ రొట్టె, అన్నాను.
రెండో రకమే బిగించమన్నాను.
బూట్ల వెయ్యి భద్రం, పైన నాలుగొందలు మిగులు.

ఎడమ వెనక చక్రం ఊడదీశాక
సాగిన్ బైకే దాన్ని ఒళ్ళో పెట్టుకుని
శ్రావణంతో ఏదో లాగాడు.
పలకల తలకాయ, సన్నటి ఒళ్ళు.
"లాడం మేకు," అన్నాడు. "కొత్తదే."

ఈ ఊళ్ళో గుర్రాలు ఎక్కడ లేవు?
ఎవరిదైనా కావచ్చు, ఎక్కడైనా గుచ్చుకోవచ్చు.
ఎర్మెక్ సరిగ్గా అదే అనబోయాడు.
మీరిమ్ ముందే అందుకుంది:
"తోరుదేనా నాన్నా?
పోయిన వారమే కదా దానికి కొత్త లాడాలు కొట్టారు!"

ఈ కారు కొనడానికి తోరుని అమ్మాం.
ఏటి అవతల, పదకొండు కిలోమీటర్ల మట్టిదారి చివర,
ఎవరికో.
ఆ రాత్రి ఎర్మెక్ రొట్టె ముట్టలేదు.
ఆ తర్వాత ప్రతి ఆదివారం
పిల్లను తీసుకుని చేపలకని వెళ్ళేవాడు.
ఒక్క చేపా వచ్చేది కాదు.
గాలం ఎప్పుడూ పొడిగానే ఉండేది.
అన్ని లెక్కలు చూసే నేను
ఆ లెక్క ఎందుకు చూడలేదో!

సాగిన్ బైకే మేకుని నా చేతిలో పెట్టాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
కంప్రెసర్ ఒకటే గస పెడుతోంది.

"ఆ మూడో రకం," అన్నాను, "మూడువేల రెండొందలకిస్తావా?"
ఇవ్వనన్నాడు. పాత టైర్లు నాలుగూ నువ్వే ఉంచుకో అన్నాను.
వాటితో నేనేం చేసుకోనన్నాడు.
మంచు మొదటివారం మీ షాపు లెక్కలు రాసిపెడతానన్నాను.
అప్పుడు నవ్వాడు.

పన్నెండువేల ఎనిమిదొందలు.
మీరిమ్‌కి ఈ చలికాలం మా అక్క కూతురి బూట్లు.
ముందు కొంచెం గుడ్డ కూరితే సరి.

తిరిగొస్తుంటే కారు నిజంగానే రొద పెట్టింది.
"చప్పుడెక్కువ," అన్నాడు ఎర్మెక్, అద్దంలోకి చూస్తూ.
మంచిదే, అన్నాను,
ఎటు పోతున్నారో నాకు వినబడుతుంది.

ఆ వీధి మలుపు దాకా ఆగి అడిగాను,
ఆదివారానికి ఆపిల్ పళ్ళు ఎన్ని తీసుకోవాలని.

వెనక సీట్లోంచి మీరిమ్:
"మూడు. దానికి రెండు చాలవు."