ఒక్క బుడగ

తుమ్మలపెంట రేవులో
తెల్లారకముందే పడవ నిండా పెట్రోలు వాసన.
అడుగున నిలిచిన నీళ్ల మీద
నెమలిమెడ రంగులు.
"ముందు ఆ బీడీ ఆర్పు మామా."

ట్యాంకు పొడిగానే ఉండాది. మూత బిగుతే.
పైపు,
వలలో చచ్చిన పాము మాదిరి మెత్తగా,
కంటికేం చెప్పలా.

గంప దించకుండానే పోలమ్మ
ముక్కెగబీల్చి "ఈడ" అనింది.
నిన్నటి కానగంతను ఇయ్యాల్టిదని
ఆమెకు అంటగట్టినోడు లేడు.

పైపు ఖాళీ చేసి, సబ్బు నురగ పూసి,
రబ్బరు బుర్ర పిసికా.
ఒక్కటే బుడగ.
పోయిన్నెల క్లిప్పుకు కక్కుర్తిపడి
నేను చుట్టిన తీగ కింద,
తీగే కోసిన గాటులోంచి.

రెండు వేళ్ల మేర కోసి పారేసి
కావలి క్లిప్పు బిగించా. ముప్పై రూపాయలు.

కారిపోయిందెంతో ఆమె అడగలా.
నా చేతులు వాసన చూసి,
గంప సర్దుకొని పొయ్యింది.