పద్నాలుగో నంబరు

మహబూలాల మా రూము మూడో అంతస్తు.
మంచాలు ఎనిమిది, కూలరు ఒకటి, బియ్యం డబ్బా ఒకటి.
ఆ డబ్బా మూత మీద పోయిన శుక్రవారం
ఊరి బడి కోసం దినార్లు లెక్కపెట్టినం.

లింబాద్రి ఐదు వేసిండు. క్రేను ముత్తెన్న పది.
రెండు నెల్లుగ జీతం రాని మోయిన్ గూడ
పావు దినారు నోటు మడత విప్పి
"గోడకు సున్నమన్న అయితది తియ్" అన్నడు.

నేను బస్సు నడుపుత,
అబ్బాసియాల మనోళ్ల ప్రైవేటు బడిది.
తెల్లారక ముందే ఏసీ వేసి
సీట్లు సల్లవడేదాక ఖాళీ బస్సు తిప్పుత.
ఒక్క పిల్ల టర్ము ఫీజు నా రెండు నెలల జీతమని
వెనక సీటు ఆయమ్మ చెప్పింది.
ఇక్కడి సర్కారు బళ్లు ఇక్కడోళ్ల పిల్లలకు.
తప్పేముంది, ఎవలి బడి వాళ్లది.

అస్మత్ టీచరుకు ఫోను కలిపి స్పీకరు పెట్టినం.
బోరు మోటరు, రెండు ఫ్యాన్లు,
ఆడపిల్లల దొడ్డికి తలుపు, గొళ్లెం.
లిస్టు అయిపోయేదాక ఆమె అడ్డం రాలే.
"సంతోషమయ్యా," అన్నది.
"కని బడి పైసల్లేక మూతవడ్తలేదు.
పదమూడు మందే మిగిలిన్రు.
ఇంకొక్కరు తగ్గినా పక్కూరి బడిల కలుపుతమంటున్నరు.
గా రూముల ఎందరికి పిల్లలున్నరు?
ఎవలి పిల్ల నా దగ్గరికొస్తాంది?"

కూలరు చప్పుడు.
ముత్తెన్న సెల్లు బోర్ల పెట్టిండు.
అందరి సెల్లుల్ల టై కట్టిన ఫొటోలే,
పసుపు బస్సు మెట్ల మీద.
సర్కారు పైసలియ్యదని ఇన్నేండ్లు తిట్టినం.
మేం పిల్లల్నియ్యలే.

రాత్రి జమునకు చెప్పిన.
"కువైటుల ఉండి సర్కారు బడికా, నగుతరు" అన్నది.
నగనీ.
"మరి ఇంగ్లీషు?"
దానికి నా తాన జవాబు లేదు.
గదే బడిల కింద కూసోని చదివిన నేను
ఈ ఊరి అరబ్బీ బోర్డులు
ఒక్కో అక్షరం పట్టుకోని నేర్చుకున్ననని చెప్దామనుకున్న.
చెప్పలే. "ఒక్క ఏడాది సూద్దాం" అన్న.
ఆమె మాట్లాడలే, ఫోను పెట్టలే.
పక్కనుంచి హర్షిణి అడిగింది:
"బాపూ, గా బడిల అన్నంల గుడ్డు పెడ్తరట గద?"

ఆదివారం టీచరు మెసేజి:
గోడ మీద దాతల పేర్లు రాయిస్తున్నం,
తప్పుల్లేకుండ పంపుండ్రి.

లింబాద్రి ఇంటిపేరుతో సహా పంపిండు. ముత్తెన్న, మోయిన్ గూడ.
నేను బస్సు అద్దం తుడుచుకుంట టైపు చేసిన:
నా పేరు వద్దు టీచర్.
హాజరు పట్టీల పద్నాలుగో నంబరు
ఎవలికియ్యకుండ్రి.

రెండు గీతలు పడ్డయి. ఇంక నీలం కాలే.
బస్సు స్టార్టు చేసిన.