గాలి ఉందా

పెరుంగుడి ప్లాంటులో నా పని
తొట్టిలోని బురదనీళ్లు లీటరు గాజుగొట్టంలో పోసి
అరగంట కదపకుండా కూర్చోవడం.
మడ్డి కిందికి దిగుతుంది, మెల్లగా,
అలిగిన పిల్ల అన్నం దగ్గరికి వచ్చినట్టు.
గీత ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాస్తాను.
మూడువందల ఇరవై. సంతకం.

ఎన్ని కోట్లు పెట్టారో
గేటు దగ్గర నల్లరాతి మీద చెక్కారు.
ఆ సున్నాల్లో చీమలు కాపురం పెట్టాయి.
సగం డబ్బు గాలికే పోయిందని
ఇంజనీరు తమిళరసన్ నవ్వుతాడు.
నిజంగా గాలికే:
మురుగు తినే పురుగులకు ఊపిరాడాలని
రాత్రింబగళ్లు మూడు బ్లోయర్లు,
కరెంటు పోతే జనరేటరు,
అదీ ఆగితే నా ఫోను మోగుతుంది.
పది నిమిషాలు గాలి తగ్గితే
పైవాళ్లకు కాగితం మీద జవాబు చెప్పుకోవాలి.

మా మేనమామ మాలకొండయ్య
పులియంతోపులో మూత తీసిన గుంతలోకి దిగినప్పుడు
పైన ఒక తాడు, సగం కాలిన బీడీ, మా నాన్న.
గాలి ఎవరి టెండర్లోనూ లేదు.

నెల్లూరు నుంచి మా తాత మూటగట్టుకొచ్చిన తెలుగు
ఈ ఊళ్లో మాకు రెండు చోట్లే పనికొచ్చింది,
ఇంట్లో, గుంతలో.
"లాగు బావా" అన్న మాట
ఆ రోజు కిందినుంచి రాలేదు.

నాన్నకిప్పుడు వాసన తెలీదు.
సాంబ్రాణీ తెలీదు, మాడిన కూరా తెలీదు.
పోయిన ఆదివారం సీసాలో పట్టుకెళ్లాను
మా ప్లాంటు వదిలే నీళ్లు.
ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూశాడు.
వేలు ముంచి రుద్దాడు,
కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు.
"మన సందువి కూడా ఇట్టాగే అవుతాయా?"
మనవి ఇంకా ఓటేరి కాలవలోకే నాన్నా.
గొట్టం వచ్చే బడ్జెట్టులో అంటున్నారు.
"ఊఁ" అన్నాడు. ఆ మాట ఆయన చాలా బడ్జెట్లకి అన్నాడు.
అమ్మ ఆ నీళ్లు కనకాంబరం కుండీలో పోసింది.

తరవాత ఫోన్లో చూపించాను,
మైక్రోస్కోపు కింద తీసిన వీడియో.
కాడ మీద గంటల్లాంటి ప్రాణులు
ముడుచుకుని, సాగి, మళ్లీ ముడుచుకుని,
నోళ్లు తెరిచి నీటిని గిర్రున తిప్పుకుంటూ.
ఇవి కదుల్తుంటే నీళ్లలో గాలి ఉన్నట్టు, అన్నాను.

చాలాసేపు చూశాడు.
"మేం బొద్దింకల్ని చూసేవాళ్లం.
మూత తియ్యంగానే పరిగెత్తితే
గాలి ఉన్నట్టు, దిగొచ్చు.
ఆ రోజూ పరిగెత్తాయి."

తెర ఆరిపోయింది.
వేలితో తట్టి మళ్లీ వెలిగించాడు.